దామరగిద్ద దాకా మోసిన దుర్భిణి

భూగోళం ఆకృతిని కొలిచిన ప్రయత్నాలలో మిక్కిలి పొడవైన వాటిలో ఒకటి పందొమ్మిదవ శతాబ్దం తొలి పాదంలో నారాయణఖేడ్ చుట్టుపక్కలి మెరక నేలల మీదుగా సాగింది. కన్యాకుమారి సమీపం నుంచి ఉత్తరంగా 78వ రేఖాంశాన్ని అనుసరించి వచ్చిన ఆ కొలతకు బీదర్ ప్రాంతంలోని దామరగిద్ద ఒక ముఖ్య కేంద్రమయింది. నేటి నారాయణపేట జిల్లాలో మండల కేంద్రంగా ఉన్న దామరగిద్ద వేరు. కొలతలో పేరుకెక్కిన దామరగిద్ద 18 డిగ్రీల 3 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద, అంటే దాదాపు నారాయణఖేడ్ ఉన్న అక్షాంశం మీదనే ఉంది. ఈ కొలతను నడిపిన విలియం లాంబ్టన్ 1818లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిన ఫలితాలు 8 డిగ్రీల 9 నిమిషాల అక్షాంశం వద్ద మొదలై ఇక్కడే ముగిశాయి.

ఈ కొలతను గణిత విజయంగా చెప్పుకోవడం ఆనవాయితీ. అయితే ఆ గణితమంతా ఒక దుర్భిణి దెబ్బ తినకుండా కొండ నుంచి కొండకు చేరడం మీద ఆధారపడి ఉందన్న సంగతికి చరిత్ర గ్రంథాలలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

త్రికోణమితి సర్వేలో మొదట చదునైన నేల మీద ఆధార రేఖ అనే ఒక దూరాన్ని గొలుసుతో అతి జాగ్రత్తగా కొలుస్తారు. ఆ తరువాత దూరపు గుట్టల మీద గుర్తులు నిలిపి, వాటి మధ్య కోణాలను మాత్రమే చూసి, మిగిలిన దూరాలన్నిటినీ లెక్క కడతారు. కోణాలు చూసే పరికరం థియోడొలైట్. దానిలో అడ్డంగాను నిలువుగాను తిరిగే దుర్భిణి, దాని కింద సన్నని గీతలు చెక్కిన లోహ చక్రం, ఆ గీతలను చదవడానికి సూక్ష్మదర్శినులు ఉంటాయి. లాంబ్టన్ కోసం లండన్‌లో విలియం కేరీ తయారు చేసిన థియోడొలైట్ చక్రం వ్యాసం 36 అంగుళాలు, మొత్తం బరువు అర టన్ను. అంత పెద్ద చక్రం మీద కూడా ఒక సెకను కోణం, అంటే డిగ్రీలో 3,600వ వంతు, మిల్లీమీటరులో సుమారు 450వ వంతు జాగాకు మించదు. కనుక మోతలో చక్రం కంటికి కనబడనంతగా వంగినా, యాభై కిలోమీటర్ల దూరంలో గుర్తు ఉన్న చోటు తప్పిపోతుంది.

ఆ పరికరానికి కష్టాలు సముద్రం మీదనే మొదలయ్యాయి. దానిని తెస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు తరలించగా, అక్కడి గవర్నరు అది శాస్త్ర పరికరమని గ్రహించి మర్యాదగా మద్రాసుకు పంపించాడు. దానికంటే పెద్ద ప్రమాదం 1808లో తంజావూరులో జరిగింది. చదునైన కావేరి మాగాణులలో ఎత్తయిన చోటు వేరే లేకపోవడంతో బృహదీశ్వరాలయ శిఖరం మీదికి థియోడొలైట్‌ను తాళ్ళతో ఎక్కిస్తున్నప్పుడు, గోడకు తగలకుండా పక్కకు లాగి పట్టుకొన్న తాడు తెగిపోగా, బరువంతా ఊగి గోడకు కొట్టుకొని, పెట్టె పగిలి, చక్రం వంకర పోయింది. తరువాత లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్ రాసిన వృత్తాంతం ప్రకారం, లాంబ్టన్ ముఖ్యమైన పనివారిని తప్ప ఎవరినీ రానీయకుండా డేరాలో కూర్చుని, పరికరాన్ని విడదీసి, ఒక పెద్ద పలక మీద అసలు కొలతకు వృత్తం కోయించి, చీలలు, మరలు, కప్పీల సాయంతో చక్రపు అంచును ఆ వృత్తానికి సరిపోయేదాకా కొంచెం కొంచెంగా లాగి, వంగిన ఆకులను కొయ్య సుత్తులతో సరిచేసి, ఆరు వారాలలో దాదాపు పూర్వరూపానికి తెచ్చాడు. 1811లో గుత్తి వద్ద, 1815లో బీదర్ వద్ద ఆధార రేఖలు కొలిచిన కాలంలో వాటి నడుమ కోణాలను చూసినది ఇలా బాగుచేసిన ఈ చక్రమే. లాంబ్టన్ ఓర్పు ఎంత గొప్పదో, అతనితో ఆ డేరాలో కూర్చున్న పనివారి చేతి నేర్పు అంత గొప్పది. వారి పేర్లు మాత్రం ఆ వృత్తాంతంలో లేవు.

నిజాం సికందర్ జా రాజ్యంలో ఈ సర్వేకు దారులు లేని గుట్టలు, అడవులు ఎదురయ్యాయి. విడదీసి పెట్టెలలో సర్దిన థియోడొలైట్ భాగాలను బండి కుదుపులకు వదలకుండా మనుషులే భుజాల మీద మోశారు. గుట్ట మీదికి చేరాక వాటిని తిరిగి అమర్చి, లోహం ఎండకు వ్యాకోచించకుండా పైన డేరా కట్టవలసి వచ్చేది. వాన వెలిసిన తరువాత గాలి తేటపడి దూరపు గుర్తులు బాగా కనబడతాయని లాంబ్టన్ వర్షకాలంలో పని సాగించడం అలవాటు చేసుకొన్నాడు. దుర్భిణికి అనుకూలమైన ఆ రుతువే మోసేవారికి ప్రాణాంతకమయింది. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవులలో ఎవరెస్ట్ బృందంలోని సుమారు 150 మంది జ్వరాల పాలయ్యారు. బతికినవారిని హైదరాబాదు చేర్చడానికి ఏనుగులను, డోలీలను పంపవలసి వచ్చింది. ఈ మూల్యాన్ని కూడా కొలత ఖర్చులో చేర్చి చూడడం న్యాయం.

లాంబ్టన్ 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో మరణించగా, ఎవరెస్ట్ దామరగిద్ద నుంచే మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్ దాకా రేఖను పొడిగించి, 1830లో గ్రంథం వెలువరించాడు. రేఖ చివరల అక్షాంశాలను నిర్ణయించడానికి జెనిత్ సెక్టార్ అనే మరో దుర్భిణి అవసరమయింది. నడినెత్తికి దగ్గరగా పోయే నక్షత్రం, వడంబం సూచించే నిలువు నుంచి ఎంత కోణంలో ఉందో ఆ పరికరం చూపుతుంది. లాంబ్టన్ వాడిన రామ్స్‌డెన్ జెనిత్ సెక్టార్ ఐదడుగుల పొడవుది. అంత పొడవైన దుర్భిణిని కూడా ఇదే విధంగా ఊరూరికీ తరలించవలసి వచ్చింది.

ఒకసారి గాయపడిన చక్రాన్ని పూర్తిగా నమ్మలేని ఎవరెస్ట్, ఒకే కోణాన్ని చక్రంలోని వేర్వేరు భాగాల మీద మళ్ళీ మళ్ళీ చదివి, సగటు తీసే పద్ధతిని కచ్చితంగా అమలుపరిచాడు. ఒక చోట వంపు కలిగించే తప్పు మరోచోట వంపుతో సరిపడుతుందన్నది దీనిలోని సూత్రం. తరువాత ఇంగ్లండ్ నుంచి వచ్చిన హెన్రీ బారో పాత థియోడొలైట్‌ను పునర్నిర్మించాడు. అతని వద్ద పనిచేసిన ఆర్కాటు వాస్తవ్యుడు సయ్యద్ మీర్ మొహసిన్ 1840ల తొలినాళ్ళలో అతని స్థానంలోనే సర్వే పరికరాల నిర్మాతగా నియమితుడయ్యాడు. పెద్ద పనిశాల శిక్షణ లేని ఒక దేశీయ పనివాని చేతిలో ఆ సున్నితమైన దుర్భిణులన్నిటినీ పెట్టడానికి ఎవరెస్ట్ సందేహించలేదు. పై అధికారులను ఒప్పించి మరీ ఆ పదవి ఇప్పించాడు.

1841లో ఎవరెస్ట్ సహాయకుడు ఆండ్రూ వా బీదర్ ఆధార రేఖను మళ్ళీ కొలిచాడు. ఈసారి వాడినవి గొలుసులు కావు, ఇనుము, ఇత్తడి కడ్డీలను జతచేసి ఎండకు పొడవు మారకుండా అమర్చిన పది అడుగుల కొలబద్దలు. మధ్య భారతంలోని సిరోంజ్ నుంచి కొండల మీదుగా కోణాలు చూస్తూ వచ్చి లెక్క కట్టిన పొడవుకు, నేల మీద కొలిచిన దాదాపు ఎనిమిది మైళ్ళ పొడవుకు మధ్య కనబడిన తేడా నాలుగైదు అంగుళాలు.