కళ్లెలో క్రిమి ఉంది, కానీ టీబీ కాదు: ఎన్‌టీఎం మందులతో ఏడాదిన్నర

కళ్లె పరీక్షలో క్రిములు కనిపించాయంటే మన ఇళ్లలో వెంటనే వచ్చే మాట టీబీ. ఎక్కువసార్లు అది నిజమే. అయితే సూక్ష్మదర్శిని కింద టీబీ క్రిమిలాగే ఎర్రగా కనిపించే దాయాదులు దాదాపు 200 రకాలున్నాయి. అన్నింటినీ కలిపి ఎన్‌టీఎం, అంటే క్షయ కాని మైకోబాక్టీరియా అంటారు. ఇవి మట్టిలోనూ, కుళాయి నీళ్లలోనూ, షవర్ లోపలి జిగటలోనూ ఉంటాయి. మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, చాలామందికి ఏమీ కాదు. పాత టీబీ మచ్చలున్నవారు, శ్వాసనాళాలు వెడల్పై కళ్లె నిలిచిపోయే బ్రాంకియెక్టేసిస్ ఉన్నవారు, బీడీ పొగతో ఊపిరితిత్తులు పాడైనవారు జాగ్రత్తగా ఉండాలి. వీరిలో కొందరికి ఇవి తిష్ఠ వేస్తాయి.

ఈ క్రిములు మన ప్రాంతాలకు కొత్తవి కావు. 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో బీసీజీ టీకా మీద పెద్ద పరిశోధన మొదలైంది. తెలుగు పల్లెలున్న నేటి తిరువళ్లూరు ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. పెద్దవాళ్లను ఊపిరితిత్తుల టీబీ నుంచి టీకా కాపాడలేదని అందులో తేలింది. అక్కడి నేల, నీళ్లలోని ఈ దాయాది క్రిములు జనానికి ముందే సోకి ఉండడం ఒక కారణం కావచ్చని శాస్త్రవేత్తలు అన్నారు.

ముందు పేరు తేలాలి

కళ్లెలో క్రిమి ఉందని వచ్చి, సీబీనాట్‌లో టీబీ లేదని వస్తే అక్కడ ఆగి అడగాలి. టీబీ మందులు నెలల తరబడి మింగినా దగ్గు, బరువు తగ్గడం ఆగకపోయినా అంతే. కల్చర్ పెట్టించి, ఏ జాతి క్రిమో తేల్చమనాలి. దీనికి వారాలు పడుతుంది. ఒక్క నమూనాలో కనిపిస్తే చాలదు, అది నీళ్ల నుంచి వచ్చి పడిందీ కావచ్చు. వేర్వేరు రోజుల్లో ఇచ్చిన రెండు నమూనాల్లో అదే క్రిమి పెరగాలి. సీటీ స్కాన్‌లో గుర్తులు, మనిషిలో లక్షణాలు కూడా ఉండాలి. కళ్లె రానివారికి బ్రాంకోస్కోపీలో తీసిన నమూనా ఒక్కటి చాలు.

ఇక్కడ భాష దగ్గర ఒక చిక్కుంది. తమిళనాడు ఆసుపత్రిలో ‘సళి’ అడిగితే మనవాళ్లు జలుబు అనుకుని చీమిడి ఇస్తారు. షోలాపూర్‌లో ‘థుంకీ’ అంటే ఉమ్మి ఇచ్చి వస్తారు. కావలసింది గుండెల లోతు నుంచి దగ్గితే వచ్చే చిక్కటి కళ్లె. పొద్దున్నే, ఏమీ తినకముందు, కుళాయి నీళ్లతో కాకుండా సీసా నీళ్లతో పుక్కిలించి ఇవ్వాలి.

మందులు, వాటితో బతకడం

ఎక్కువగా కనిపించే రకం ఎంఏసీ. దానికి అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ కలిపి ఇస్తారు. జబ్బు తీరును బట్టి వారానికి మూడు రోజులో, ప్రతిరోజూనో వేసుకోవాలి. ఊపిరితిత్తుల్లో గూళ్లు పడితే మొదటి రెండు మూడు నెలలు అమికాసిన్ ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. అబ్సెసస్ అనే రకం ఇంకా మొండిది, దాని మందుల జాబితా వేరు. వాంతి వస్తోందని మూడింట్లో రెండు మానేసి అజిత్రోమైసిన్ ఒక్కటే మింగడం అన్నిటికంటే ప్రమాదం. క్రిమి ఆ మందుకు లొంగకుండా పోతే తర్వాత దారులు చాలా తక్కువ.

ఇంట్లోవాళ్లు తప్పుగా లెక్కపెట్టేది గడువును. మొదటి మాత్ర వేసిన రోజు నుంచి ఏడాది కాదు, కళ్లె కల్చర్ శుభ్రంగా వచ్చిన నాటి నుంచి 12 నెలలు. అందుకే మొత్తం మీద ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పెళ్లి ప్రయాణం, ఊరి జాతర, ఏదైనా దీన్ని బట్టే చూసుకోవాలి.

ఇథాంబ్యుటాల్ కంటి నరాన్ని దెబ్బతీయవచ్చు. మొదలుపెట్టే ముందే కళ్లు చూపించుకోవాలి. ఇంట్లో మేం చెప్పే తేలిక పద్ధతి ఒకటుంది: ఒక కన్ను మూసి గోడ మీది కాలెండరులో ఎర్ర అక్షరాల సెలవులు చదవాలి, తర్వాత రెండోది. ఎరుపు వెలిసినట్టున్నా, అక్షరం మసకైనా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. రిఫాంపిసిన్‌తో మూత్రం, చెమట నారింజ రంగులోకి మారతాయి, తెల్లపంచెకు మరకలూ అవుతాయి. దానికి భయం వద్దు. కళ్లు పచ్చబడి, అన్నం సయించకపోతే మాత్రం కాలేయం సంగతి చూడాలి. ఈ మందు షుగరు మాత్రల్ని, వార్ఫరిన్‌ని, గర్భనిరోధక మాత్రల్ని పనిచేయకుండా చేయగలదు కాబట్టి ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుపోయి చూపించండి. అమికాసిన్ నడుస్తుండగా చెవిలో హోరు, నడకలో తూలు వస్తే వయసు అని సరిపెట్టుకోకూడదు.

కళ్లె బయటికి రాకపోతే మందు సగమే పనిచేస్తుందనుకోండి. ఫిజియోథెరపిస్టు దగ్గర శ్వాస కసరత్తులు నేర్చుకుని రోజూ చేయాలి. నెబ్యులైజర్‌లో ఉప్పునీరు ఇంట్లో కలిపేది కాదు, షాపులో దొరికే స్టెరైల్ ద్రావణమే. దాని గొట్టాల్ని కుళాయి కింద కడిగి వదిలేయకుండా, కంపెనీ చెప్పిన పద్ధతిలో క్రిములు చచ్చేలా శుభ్రం చేసి ఆరబెట్టాలి. స్నానానికి షవర్ కంటే మన బక్కెట్, చెంబే మేలు. కుండీల మట్టి తడిపి, మాస్కు పెట్టుకుని తవ్వాలి. ఒకేసారి తినలేనివారు పప్పు, గుడ్డు, పెరుగు, వేరుశనగ పొడి కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినవచ్చు. నెలకోసారి అదే తూకం మీద బరువు చూసి రాసిపెట్టుకోండి.

కంచం వేరు చేయనక్కర్లేదు

టీబీ కాదని తేలేవరకు మాస్కు తప్పదు. తేలాక ఎన్‌టీఎం మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటదు. మనవళ్లను దూరం పెట్టడం, గ్లాసు విడిగా పెట్టడం అనవసరం. పల్లెల్లో ఈ తేడా వివరించడం కష్టమని మాకు తెలుసు. అందుకే డాక్టరు చేత ‘ఇది టీబీ కాదు’ అని కాగితం మీద రాయించుకోవడం మంచిది.

ఖర్చు సంగతి కూడా ముందే చూసుకోవాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 1000 రూపాయలు టీబీ రోగుల కోసం ఉద్దేశించినవి. ఎన్‌టీఎం మందుల్లో ఏవి ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతాయో, ఏవి బయట కొనాలో మొదటి వారమే అడిగి రాసుకోండి. యానాం వాళ్లు కాకినాడకు, హోసూరు వాళ్లు బెంగళూరుకు వెళ్తే రాష్ట్రం మారుతుంది కాబట్టి బీమా కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కూడా కనుక్కోవాలి. సీటీ సీడీ, కల్చర్ రిపోర్టులు, మందుల చీటీలు ఒకే ఫైలులో ఉంచి, ఏ మాత్ర ఏ పూటో డబ్బా మీద ఇంట్లో చదవగలిగే లిపిలో రాయండి. తెలుగు మాట్లాడినా తెలుగు చదవలేని పిల్లలే చాలా ఇళ్లలో మందులిచ్చేది.

మందులు ఆపాక కూడా కళ్లె పరీక్షలు కొనసాగుతాయి. నీళ్లలో, మట్టిలో ఉండే క్రిమి కాబట్టి కొందరికి కొత్తగా మళ్లీ సోకుతుంది. దగ్గు పెరిగినా, కారణం లేకుండా బరువు తగ్గినా పాత ఫైలు తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి.