గాయం ఎవరిది? నాజ్ ఫౌండేషన్ కేసు కథ



పోయిన వారం స్టడీ సర్కిల్‌లో రాజ్యాంగ నైతికత మీద మాట్లాడుకున్నాం. 1948 నవంబర్ 4న బాబాసాహెబ్ రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ చేసిన ప్రసంగం చదివాం. చదవడం అయ్యాక ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఈ మాటను మన కోర్టుల్లో ఎవరైనా గట్టిగా పట్టుకున్నారా?" నేను ఏదో అంటరానితనం కేసు పేరు చెప్తానని అందరూ అనుకున్నారు. నాజ్ ఫౌండేషన్ కేసు అన్నాను. వెనక వరసలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో తమ్ముడు నవ్వకుండానే, "అది వాళ్ల కేసు కదన్నా, మనకెందుకు?" అన్నాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. 2009 జూలైలో ఆ తీర్పు వార్త పేపర్లో వచ్చినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. మెస్‌లో ఆ పేజీ చేతులు మారుతూ తిరిగింది, మేమంతా పడీపడీ నవ్వాం. మా బ్లాక్‌లో ఒక జూనియర్ ఉండేవాడు. మన వాడ నుంచి వచ్చినవాడే. నడక మెత్తగా ఉండేది, గొంతు సన్నం. ఊళ్లో కులం పేరు పెట్టి పిలిస్తే రక్తం మరిగిన మేము, హాస్టల్‌కి వచ్చి వాడికి ఒక పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయను. రెండో సెమిస్టర్‌కి వాడు రాలేదు. ఎందుకు రాలేదని మాలో ఒక్కరం కూడా అడగలేదు. అంబేడ్కర్ ఫొటో కింద కూర్చుని మేం చేసిన పని ఇది. ఈ భాగం రాయడం నాకు ఆ బాకీ లెక్కలోనిది. కొంచెం పొడుగైనా చదవండి.

సెక్షన్ 377 మన దేశపు సరుకు కాదని మీకు తెలుసు. మెకాలే మొదటి ముసాయిదా రాశాడు, 1860లో ఇండియన్ పీనల్ కోడ్ అయింది. "ప్రకృతి విరుద్ధమైన" లైంగిక చర్యకు యావజ్జీవం దాకా శిక్ష. ఏది ప్రకృతో ఆ చట్టం చెప్పలేదు. అది పోలీసుకి వదిలేసింది. 1884లో మొరాదాబాద్‌లో ఒక హిజ్రాను ఆడ బట్టలు కట్టి పాట పాడుతున్నందుకు పట్టుకుని, 377 కింద కేసు నడిపారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో నేరం జరిగిందో చెప్పలేకపోయారు. అలహాబాద్ హైకోర్టు విడుదల చేసింది. ఆ మనిషిని పట్టుకోవడానికి నేరం అక్కర్లేదు, కట్టుకున్న చీర చాలు.

దీనికి తోడు ఇంకో చట్టం ఉంది. మన విద్యార్థులు దాన్ని సగమే చదువుతారు. 1871 క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసిన చట్టం. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ఎరుకల వాళ్లను స్టువర్టుపురం, కావలి సెటిల్‌మెంట్లలో పెట్టింది ఆ చట్టమే. ఇంతవరకు మనం సభల్లో చెప్పుకుంటాం. అదే 1871 చట్టంలో రెండో భాగం హిజ్రాల మీద ఉంది. వాళ్ల పేర్లు, ఇళ్లు రిజిస్టర్లో ఎక్కించాలి. రిజిస్టర్లో ఎక్కినవాళ్లు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. ఎరుకల వాడికీ హిజ్రాకీ అదే పోలిక చట్టం, రిజిస్టరు, పోలీసు. 1936లో నెహ్రూ నెల్లూరులో నిలబడి ఈ చట్టాన్ని తిట్టిపోశాడు. మన మీటింగుల్లో నెల్లూరు మాట వస్తుంది, రెండో భాగం మాట రాదు.

ఇప్పుడు ఫౌండేషన్ కథకు వస్తాను.

1991లో ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే చిన్న బృందం స్వలింగ ప్రేమికుల బతుకుల మీద ఒక నివేదిక వేసింది. 1994లో తీహార్ జైల్లో ఖైదీలకు కండోమ్‌లు ఇవ్వడానికి అధికారులు ఒప్పుకోలేదు. ఇస్తే 377 నేరాన్ని ప్రోత్సహించినట్టవుతుందన్నది వాదన. ఆ బృందం హైకోర్టుకు వెళ్లింది, కానీ ఆ కేసు ముందుకు నడవలేదు. అదే 1994లో అంజలీ గోపాలన్ ఢిల్లీలో నాజ్ ఫౌండేషన్ ట్రస్టు పెట్టారు. అది హక్కుల సంఘంగా మొదలవలేదు, హెచ్ఐవీ మీద పనిచేసే సంస్థ. పరీక్షలు, కౌన్సెలింగ్, ఇంటింటికీ వెళ్లి రోగుల సంరక్షణ. తల్లిదండ్రులు పోయిన హెచ్ఐవీ పిల్లలకు ఒక ఇల్లు.

ఆ పనిలోనే వాళ్లకు గోడ తగిలింది. జబ్బు గురించి చెప్పాలంటే మనుషులు ఎదురుపడాలి. ఎదురుపడితే నేరస్థులు. 2001 జూలైలో లక్నోలో ఇలాంటి పనే చేస్తున్న కార్యకర్తలు నలుగురిని పోలీసులు 377 కింద పట్టుకుపోయారు. 47 రోజులు జైల్లో ఉంచారు. (ఆ లక్నో సంస్థ పేరులోనూ నాజ్ ఉంది, కానీ రెండూ వేరు వేరు సంస్థలు.) వాళ్ల చేతుల్లో దొరికింది ఏమిటి? కరపత్రాలు, కండోమ్‌లు.

ఆ ఏడాది చివర్లోనే నాజ్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. లాయర్స్ కలెక్టివ్ తరఫున ఆనంద్ గ్రోవర్ వాదించారు. సెక్షన్ మొత్తాన్ని కొట్టేయమని వాళ్లు అడగలేదు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య, చాటుగా జరిగేదాన్ని మాత్రం నేరం చేయకండి అన్నారు. పిల్లల మీద లైంగిక దాడికి ఆ రోజుల్లో విడిగా చట్టం లేదు, పోక్సో 2012లో గానీ రాలేదు. అందుకని పిల్లల కోసం 377ని అలాగే ఉంచమన్నారు.

2004 సెప్టెంబర్లో హైకోర్టు ఆ పిటిషన్‌ను లోపలికి కూడా రానివ్వలేదు. మీ మీద కేసేమీ లేదు, మీకు కలిగిన నష్టమేమీ లేదు, ఊరికే చర్చ కోసం చట్టాన్ని పరిశీలించలేం అంది. కోర్టు భాషలో దీన్ని లోకస్ స్టాండి అంటారు. మన భాషలో చెప్పాలంటే, గాయం నీదేనా, అయితే చూపించు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. గాయపడినవాడు కోర్టుకు వచ్చి చూపించాలంటే, "అవును, యావజ్జీవం పడే నేరం నేను చేస్తున్నాను" అని ఒప్పుకోవాలి. ఇంట్లో తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, అద్దె ఇల్లు పోతుంది. గాయం చూపించలేని పరిస్థితే అసలు గాయం. వాడలో దెబ్బలు తిన్నవాడు స్టేషన్ గుమ్మం ఎక్కితే వాడి మీదే కౌంటర్ కేసు కట్టడం మనం ఎన్నిసార్లు చూడలేదు?

నాజ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇది విచారించదగ్గ కేసే, వినండి అని వెనక్కి పంపింది. అప్పుడొక తమాషా జరిగింది. ఒకే ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడింది. హోం శాఖ, మన సమాజం ఒప్పుకోదు, 377 ఉండాల్సిందే అంది. ఆరోగ్య శాఖ కింద ఉన్న నాకో, ఈ సెక్షన్ వల్లే మనుషులు దాక్కుంటున్నారు, మా పని సాగడం లేదు అంది. పురుషులతో సంబంధమున్న పురుషుల్లో 8 శాతానికి పైగా హెచ్ఐవీ ఉందని, మామూలు జనాభాలో అది 1 శాతం లోపేనని అఫిడవిట్ ఇచ్చింది. ఈలోగా మహిళా, పిల్లల, క్వీర్ హక్కుల బృందాలు కలిసి 'వాయిసెస్ ఎగైనెస్ట్ 377' పేరుతో కేసులో చేరాయి. అప్పటిదాకా జబ్బు గురించి ఉన్న కేసు, అప్పుడు మనిషి మర్యాద గురించిన కేసయింది.

2009 జూలై 2న ప్రధాన న్యాయమూర్తి ఎ.పి. షా, జస్టిస్ ఎస్. మురళీధర్ తీర్పు చెప్పారు. ప్రజల నైతికత, సమాజం ఒప్పుకోదు అన్న హోం శాఖ వాదనకు వాళ్లు వెతికిన జవాబు మన ఇంట్లో దొరికింది. ఆ రోజు వీధిలో ఎక్కువమంది ఒప్పుకునే నైతికత వేరు, రాజ్యాంగ నైతికత వేరు. రాజ్యం మొదటిదాన్ని చూపించి మనిషి హక్కు లాక్కోలేదు అన్నారు. దానికి ఆధారం మా తమ్ముళ్లు పోయిన వారం చదివిన అదే నవంబర్ 4 ప్రసంగం. రాజ్యాంగ నైతికత మనకు సహజంగా రాదు, సాధన చేసి నేర్చుకోవాలి అని ఆయన అన్నది ఊరి గురించి, కులం గురించి తెలిసే. ఊరంతా ఒప్పుకున్నదే నైతికత అయితే, మనకు చెరువు నీళ్లు ఈనాటికీ దొరికేవి కావు.

ఆ తీర్పులో నాకు ఇష్టమైనది ఇంకొకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆర్టికల్ 15లో 'లింగం' అన్న మాటలో లైంగిక ఆసక్తి కూడా కలిసే ఉందన్నారు. అంటూ 15(2)ని ముందుకు తెచ్చారు. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు. వీటి దగ్గర ప్రభుత్వమే కాదు, ఒక పౌరుడు ఇంకో పౌరుణ్ని కూడా ఆపకూడదని చెప్పే అధికరణం అది. అందులో బావి ఎందుకు ఉంది, చెరువు ఎందుకు ఉంది? 1927లో మహద్‌లో చెరువు నీళ్లు తాగినందుకు తలలు పగిలాయి గనక. మన నెత్తురుతో తడిసిన వాక్యం అది. ఢిల్లీలో ఒక ఎయిడ్స్ సంస్థ వేసిన కేసులో దాన్ని చదివి, ఇది వీళ్లకూ వర్తిస్తుందని చెప్పారు. "వాళ్ల కేసు" అన్న తమ్ముడికి నా మొదటి జవాబు ఇదే.

బాబాసాహెబ్ దీన్ని ఒప్పుకునేవారా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. ఊహించాల్సిన పని లేదు. 1934లో బొంబాయిలో ఆర్.డి. కర్వే నడిపిన 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక మీద అశ్లీలం కేసు పెట్టారు. పాఠకులు స్వలింగ సంపర్కం లాంటి విషయాల మీద అడిగిన ప్రశ్నలకు కర్వే జవాబులు వేశాడన్నది నేరం. కర్వే తరఫున వాదించిన లాయరు అంబేడ్కర్. కేసు ఓడిపోయారు, 200 రూపాయల జరిమానా పడింది. ఓడినా ఆ పక్షాన నిలబడ్డారు.

ఇక నా తగాదా కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. ఆ పిటిషన్‌లోని 'ప్రైవేటుగా' అన్న మాట నాకు గొంతులో ముల్లులా ఉంటుంది. తలుపు వేసుకోవడానికి గది ఉన్నవాడికి అది హక్కు. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే వాడలో చాటు ఎక్కడిది? పోలీసు లాఠీ పడేది పార్కులో, బస్టాండులో, సిగ్నల్ దగ్గర చెయ్యి చాచే హిజ్రా వీపు మీద. ఈ మాట నా సొంతం కాదు, తమిళనాడు గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారులు ఎప్పటినుంచో కులాన్నీ దీన్నీ విడదీయొద్దని అంటున్నారు. అయినా 2001లో కోర్టు చెవికి ఎక్కగలిగింది ఆరోగ్యం, చాటు అన్న మాటలే. దొరికిన సందులోంచి లోపలికి దూరారు. మనమూ అలా దూరినవాళ్లమే కాబట్టి నేను గట్టిగా తప్పుపట్టలేను.

తర్వాతి కథ మీకు తెలిసిందే, తొందరగా చెప్తాను. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ ముఖోపాధ్యాయ నాజ్ తీర్పును కొట్టేశారు. ఈ జనం అతి స్వల్ప భాగమని, నూటయాభై ఏళ్లలో ఈ సెక్షన్ కింద విచారణ ఎదుర్కొన్నవాళ్లు రెండు వందల లోపేనని అన్నారు. తల లెక్కపెట్టి హక్కు తూచడం! రివ్యూ పోయింది. నాజ్ క్యూరేటివ్ పిటిషన్ వేసింది. 2017 ఆగస్టులో గోప్యత తీర్పు ఇచ్చిన తొమ్మిదిమంది ధర్మాసనం ఆ 'స్వల్ప భాగం' మాటను తప్పుపట్టింది. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా, ఇష్టపడిన పెద్దవాళ్ల విషయంలో 377 చెల్లదన్నారు. పదిహేడేళ్లు పట్టింది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబర్‌లో దక్కలేదు.

మన గడప దగ్గరి కథ ఇంకా ఉంది. నిజాం కాలంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, 1871 చట్టం పోలికలోనే హైదరాబాద్ రాజ్యం హిజ్రాల మీద ఒక చట్టం చేసుకుంది. రిజిస్టరు, వారెంటు లేని అరెస్టు, అన్నీ అవే. రాజ్యం పోయింది, చట్టం పోలేదు. తెలంగాణ ఏర్పడ్డాక కూడా పుస్తకంలో ఉంది. వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు ట్రాన్స్ ఉద్యమకారులు హైకోర్టుకు వెళ్తే 2023 జూలైలో అది చెల్లదని కొట్టేశారు. అంతటితో ఆగకుండా చదువుల్లో, ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు రిజర్వేషన్లు ఇవ్వాలని, ఆసరా పింఛను వర్తింపజేయాలని ప్రభుత్వానికి చెప్పారు.

"మనకెందుకు" అన్న తమ్ముడికి రెండో జవాబు ఇక్కడ ఉంది. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతిగా చూసి రిజర్వేషన్లు ఇవ్వమంది. మంచిదే. కానీ ఒక మాదిగ ట్రాన్స్ అమ్మాయి ఏ గడిలో టిక్ పెట్టాలి? ఎస్సీ అంటే ట్రాన్స్ పోతుంది, బీసీ అంటే కులం పోతుంది. తను రెండూ మోస్తోంది. అందుకే వాళ్లు అడుగుతున్నది మహిళల కోటా లాగా ప్రతి కేటగిరీలోపలా అడ్డంగా వాటా. ఎస్సీలోపల ఎస్సీ ట్రాన్స్‌కి, ఎస్టీలోపల ఎస్టీ ట్రాన్స్‌కి. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో అలా 1 శాతం ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఈ డిమాండ్ మన సంఘాల కరపత్రాల్లో ఎక్కడ ఉందో వెతికాను. నేను రాసిన కరపత్రాల్లో కూడా లేదు.

వచ్చే శనివారం సర్కిల్‌లో ఈ రోస్టర్ లెక్క కాగితం మీద వేసి చూద్దాం. ఒక ట్రాన్స్ అక్కను పిలిచాను, వస్తానంది. ఎంఏ చదివింది, ఊళ్లో ఇల్లు లేదు, ఇక్కడ అద్దెకు గది దొరకలేదు. నవ్విన తమ్ముడు ఎవరో నేను అడగను. ఎవరైతే వాళ్లే ఆర్టికల్ 15 తెలుగు ప్రతి పట్టుకొచ్చి, రెండో క్లాజు పైకి చదవాలి. బావుల దగ్గర ఆగకుండా చివరిదాకా.