పామేరియన్ కాని పామేరియన్

మా చెల్పూర్‌లో తెల్ల బొచ్చు, కోసు మూతి, వీపు మీదికి చుట్టిన తోక ఉంటే చాలు, ఆ కుక్క పామేరియనే. నేనూ అట్లనే పిలుస్తాను. నిజానికి అది ఇండియన్ స్పిట్జ్. 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు జర్మన్ స్పిట్జ్‌ల నుంచి ఇక్కడి ఎండకు ఓర్చుకునేట్టు పెంచుకుంటూ వచ్చిన జాతి.

అసలు పామేరియన్ పేరు బాల్టిక్ సముద్రపు ఒడ్డునున్న పొమరేనియా నుంచి వచ్చింది. 18వ శతాబ్దంలో షార్లెట్ రాణి ఇంగ్లండుకు తెప్పించుకున్నవి అంత చిన్నవేం కావు. 1888లో ఫ్లారెన్స్ వెళ్లిన విక్టోరియా మహారాణి మార్కో అనే కుక్కను తెచ్చుకుంది. దాని బరువు 5 కిలోల పైచిలుకు. రాణిగారు ముచ్చటపడ్డాక జనానికి ఇంకా చిన్నవి కావాల్సొచ్చాయి. ఇప్పటి పామేరియన్ 3 కిలోలుంటే గొప్ప. మనిషి సరదాకు ఒక జంతువు ఒళ్లే కుదించుకుపోయింది!

మన దగ్గర మోజు పెంచింది మాత్రం రాణులు కాదు, సినిమా. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' (తెలుగులో 'ప్రేమాలయం') వచ్చింది. అందులోని టఫీ ఇండియన్ స్పిట్జే. 2003లో హచ్ ప్రకటన రాగానే చూపు పగ్ మీదికి మళ్లింది. చైనా రాజమహళ్లలో ఒళ్లో పెరిగిన జాతి అది. కుక్కకు మనలా ఒంటి నిండా చెమట పట్టదు. నాలుక చాపి వగరిస్తేనే వేడి దిగుతుంది. పగ్‌కేమో ముక్కు అణిగి, గాలి సరిగ్గా ఆడదు. పక్కనే బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు ఉన్న మా ఊళ్లో, మే నెలలో, కూలర్ లేని ఇంట్లో దాన్ని కట్టేయడం నాకైతే పాపమనిపిస్తుంది. స్పిట్జ్ అదే ఎండలో కుండ పక్కన తడినేల వెతుక్కుని పండుకుంటది, గేటు చప్పుడైతే లేచి మొరుగుతది.