గొలుసు కొలత, కచేరీ నిర్ణయం

1792లో శ్రీరంగపట్టణం సంధితో టిప్పు సుల్తాను వదులుకున్న సీమల్లో బారామహల్ ఒకటి. కృష్ణగిరి అందులోదే. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఈ సీమ వసూళ్లను సివిల్ ఉద్యోగులకు కాక, దేశభాషలు తెలిసిన సైనికాధికారి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించాడు. రీడ్ సహాయకుల్లో థామస్ మన్రో ఒకడు. పొరుగునున్న హోసూరు మాత్రం 1799లో టిప్పు మరణించేదాకా మైసూరు కిందే ఉంది.

రీడ్ పొలం పొలాన్నీ కొలిపించాడు. అంతకుముందు ఊరి శిస్తు పెద్దరైతులో గుత్తదారులో మాట్లాడుకునే మొత్తం. ఎవరి పాలు ఎంతో కరణం కవిలెలోనే తేలేది. కొలత వచ్చాక చేనుకొక విస్తీర్ణం, దాని ఎదుట రైతు పేరు పడ్డాయి. 1796 నాటి తన ప్రకటనలో రీడ్ ఈ లెక్కనే ఆధారం చేసుకుని, సర్కారు నేరుగా రైతుతో వ్యవహరించే పద్ధతికి పునాది వేశాడు. అదే రైతువారీ.

రీడ్ వెళ్లిపోయాక మద్రాసు ప్రభుత్వం మనసు మార్చుకుంది. బెంగాల్ తరహా శాశ్వత శిస్తుకు మొగ్గి, 1802 తర్వాత ఇదే సీమను మిట్టాలుగా, అంటే చిన్న జమీందారీ ఎస్టేట్లుగా, విడగొట్టి వేలం వేసింది. మిట్టాదారు సర్కారుకు ఏటా కట్టవలసిన స్థిర మొత్తం, అంటే పేష్కషు, నిర్ణయానికి ఆధారం మళ్లీ రీడ్ కొలతలే. దళారిని తప్పించేందుకు రాయించిన లెక్క కొత్త దళారిని నిలబెట్టడానికి పనికొచ్చింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. చేను మారలేదు, కొలత మారలేదు. రైతు ఎవరి ముందు నిలబడాలన్నదే మారింది.

బారామహల్‌లో పని నేర్చిన మన్రో 1800లో, నిజాం ఆంగ్లేయులకు వదిలిన దత్తమండలాలకు వచ్చాడు. 1802 జూన్‌లో నలుగురు గుమాస్తాలతో సర్వే మొదలుపెట్టాడు. అక్కడ భూమి కొలవడం తెలిసినవాళ్లు అప్పటికి వాళ్లే. గొలుసు పొడవు 33 అడుగులు. అంత భుజమున్న చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. తెలంగాణ రైతు నేటికీ ఈ లెక్కలోనే మాట్లాడతాడు. కొలత ఎంత నిక్కచ్చిగా సాగినా, పంటలో ఇంచుమించు 45 శాతం సర్కారుకే పోయేది. ఆ భారం గొలుసు తెచ్చింది కాదు, కచేరీలో కూర్చుని ధర కట్టినవాళ్లు తెచ్చింది. మన్రోకు అది తెలుసు. 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించమని గట్టిగా రాశాడు. ప్రభుత్వం వినలేదు సరికదా, ఊళ్లను గుత్తకిచ్చింది. 1820లో అతనే మద్రాసు గవర్నరై వచ్చాక గానీ రైతువారీకి మళ్లీ నిలకడ దొరకలేదు.

మిట్టాలు మాత్రం స్వాతంత్ర్యం దాకా బతికాయి. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్లను రద్దుచేసి రైతువారీగా మార్చే చట్టం చేసింది. దాని అమలులో ఆ భూములను మళ్లీ కొలిచి, శిస్తు కొత్తగా కట్టవలసి వచ్చింది.