వంటగట్టు రాళ్ల చరిత్ర

వికారాబాదు జిల్లాలోని పరిగికి పడమట తాండూరు కలదు. అచటి గనులలో లభించు నాపరాళ్లు ఇండ్ల నేలలకు ప్రసిద్ధములు. పొయ్యి నేలమీద నుండగా, ఇంటివారు కూర్చుండి వండుకొను కాలమున వంటింటికి ప్రత్యేకముగా రాతిగట్టు అవసరము లేకుండెను. నిలుచుండి వండు పద్ధతి వ్యాపించిన తరువాత, నేలమీది రాయి నడుమెత్తునకు ఎక్కినది. 1965లో ఇండేన్ గ్యాసు సరఫరా ప్రారంభమై, క్రమముగా గ్యాసు పొయ్యి ఇంటింటికి చేరుటతో ఈ మార్పు స్థిరపడినది.

తాండూరు బండ సున్నపురాయి. ఏబది కోట్ల సంవత్సరములకు పూర్వమే, లోతులేని సముద్రపు అడుగున సన్నని సున్నపు ఒండ్రు పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడుటచే ఇది ఏర్పడినది. ఆ పొరల వెంబడి గునపముతోను ఉలితోను పలకలుగా విడదీయవచ్చును. కర్ణాటకములోని షాబాదు బండలు కూడ ఈ శిలావర్గమునకు చెందినవే. దీనికి భీమానది పేరు వచ్చినది. రాబర్టు బ్రూస్ ఫుట్ 1876లో ప్రకటించిన గ్రంథమున ఈ శిలలను వర్ణించెను. అంతకు రెండేండ్లు ముందే, 1874లో, వాడి నుండి సికింద్రాబాదుకు తాండూరు మీదుగా రైలుమార్గము తెరువబడినది. బరువైన బండలు దూరప్రాంతములకు పోవుటకు అట్టి మార్గము ఎంతయు అవసరము.

అయితే ఈ రాతికి ఒక బలహీనత కలదు. ఇందలి ముఖ్య ఖనిజము కాల్షియం కార్బొనేటు. చింతపండులోని టార్టారికామ్లము, నిమ్మరసములోని సిట్రికామ్లము దీనిని తినివేయును. అప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడి, నునుపైన భాగము మసకబారును. పాలరాయి, కడప నల్లబండ చూపునకు వేరైనను ఈ విషయమున దీనికి చుట్టములే. మోస్ కొలమానములో కాల్సైటు కాఠిన్యము 3 మాత్రమే. కనుక ఉక్కుకత్తి దానిపై గీత పెట్టగలదు.

గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు కాఠిన్యము 6, క్వార్ట్జు కాఠిన్యము 7. వంటింటి పులుసులు దానిని బాధింపవు. కాని ఆ కాఠిన్యమే కోతకు అడ్డు. 1954లో కృత్రిమ వజ్రము తయారైన తరువాత వజ్రపు రంపములు చౌకపడి, గ్రానైటు పలకలు సామాన్యుల ఇండ్లకు చేరినవి.

ఈ సౌకర్యమునకు వెల లేకపోలేదు. క్వార్ట్జు సిలికాయే. రాయి కోయునప్పుడు లేచు సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో నిలిచి సిలికోసిస్ అను నయముకాని వ్యాధిని కలిగించును. క్వార్ట్జు పొడిని జిగురుతో కలిపి చేయు కృత్రిమ శిలలలో సిలికా నూటికి తొంబది పాళ్లకు మించి ఉండవచ్చును. అందుచేతనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి వాటి తయారీని, అమ్మకమును, అమరికను నిషేధించినది. నీరు చల్లుచు కోయుట, ధూళిని పీల్చివేయు యంత్రములు, తగిన ముఖకవచము ఈ కీడును తగ్గించును.

పాఠశాలలో పరీక్ష సులభము. తాండూరు బండముక్కపైనను గ్రానైటు ముక్కపైనను రెండేసి చుక్కల నిమ్మరసము వేసి, కొంతసేపటికి తుడిచి చూడవలెను. ఏది మసకబారినదో విద్యార్థులే చెప్పగలరు. ఏ గట్టు మేలని అడుగునప్పుడు, దానిపై వండు చేతులతోపాటు దానిని కోసిన చేతులను కూడ తలచుకొనుట న్యాయము.