తేలినీలాపురం కొంగలు, కెన్యా అత్తిచెట్టు

చిన్నప్పుడు సెలవుల్లో మా కంచిలి నుంచి టెక్కలి వైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు తేలినీలాపురం తీసుకెళ్లారు. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. నేను రాయి తీశానో లేదో, ఓ ముసలమ్మ కేకేసింది. "ఒరే గుంటా! అవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలురా!" ఆ పక్షులు రాని ఏడు పంటలుండవని కూడా చెప్పింది. ఇంజినీరింగ్ చదివాక అది తలుచుకుని నవ్వుకునేవాణ్ణి.

ఆ నవ్వు ఆగింది వంగారి మాథాయ్ ఆత్మకథ (2006) చదివాక. కెన్యాలో కికుయు పల్లెలో పుట్టిన ఆవిడకి వాళ్లమ్మ చెప్పిందట, అత్తిచెట్టు దగ్గర పుల్ల కూడా ఏరకు, అది దేవుడి చెట్టు అని. ఆ చెట్టు పక్కనే ఊట. అమెరికాలో చదువుకుని తిరిగొచ్చాక చూస్తే చెట్టు కొట్టేశారు, ఊట ఎండిపోయింది. అత్తి వేళ్లు రాతిని చీల్చుకుని లోతుకి దిగి నీటికి దారి చేస్తాయని, మట్టిని పట్టి ఉంచుతాయని ఆవిడకి అప్పుడు బోధపడింది. ఆవిడ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టారు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

మళ్లీ మా ముసలమ్మ మాటకొద్దాం. ఆ పక్షులకి తిండి నౌపడా తంపరలో దొరికే చేపలే. నీళ్లుంటే చేప, చేప ఉంటే పక్షి. పక్షి రాలేదంటే నీళ్లకేదో అయిందన్నమాట. మన భాషలో చెప్పాలంటే అదో మానిటరింగ్ అలర్ట్. కాకపోతే డాక్యుమెంట్ రాయకుండా కథలో దాచారు.

ఆ కథ వినని వాళ్లు ఏం చేస్తారో మా పక్కనే చూశాం. సోంపేట బీలని 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి కేటాయించినప్పుడు కాగితాల మీద అది పనికిరాని భూమి. దాని నీళ్లతో వరి పండించేవాళ్లకి, చేపలు పట్టేవాళ్లకి మాత్రం అదే అన్నం. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. మరో థర్మల్ కేంద్రం వల్ల నౌపడా తంపర పోతుందని పోరాడిన కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

పెద్దవాళ్ల కథలన్నీ సైన్సేనని నేను అనను. మా ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఏ కథా కారణం చెప్పలేదు. ఆ మాటకొస్తే సైన్సూ ఇంకా పూర్తిగా తేల్చలేదు. నేననేది ఒకటే, కొట్టిపారేసే ముందు ఆ కథ దేన్ని కాపాడుతోందో ఒక్కసారి చూడాలి.

ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. నేను పేరు కూడా అడగలేదు. మీ ఊళ్లో ఇలాంటి కథ చెప్పేవాళ్లు ఇంకా ఉంటే, ఈ పండక్కి వెళ్లినప్పుడు కూర్చుని వినండి. వీలైతే ఫోన్లో రికార్డు చేసుకోండి.