సమశీతోష్ణ మండలంలో పెరటి తోట

సమశీతోష్ణ మండలంలో పెరటి తోట అనగా కర్కట రేఖకు ఆర్కిటిక్ వలయానికి మధ్య, అదే విధంగా మకర రేఖకు అంటార్కిటిక్ వలయానికి మధ్య గల ప్రాంతాలలో ఇంటి అవసరాల కొరకు కూరగాయలు, పండ్లు, పూలమొక్కలను ఋతువులను అనుసరించి పెంచే పద్ధతి. తెలుగునాట వర్షాధారపు సాగుకు వాన రాక ముఖ్యం. అందుచేత రైతులు మృగశిర వంటి కార్తెలను బట్టి విత్తనాలు చల్లుతారు. బ్రిటన్ వంటి దేశాలలో వాన ఏడాది పొడవునా పడుతుంది కావున అక్కడ సాగును నిర్ణయించేవి చలి మరియు పగటి నిడివి. శీతాకాలంలోను, వసంతారంభంలోను తినవలసిన పంటను అంతకు ముందు సంవత్సరమే విత్తుకోవలసి రావడం ఈ తోటల ముఖ్య లక్షణం.

ఈ వ్యాసంలోని నెలలు ప్రధానంగా దక్షిణ ఇంగ్లండుకు వర్తిస్తాయి. దక్షిణార్ధగోళంలో ఋతువులు ఆరు నెలల తేడాతో వస్తాయి.

తుషారం

ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినపుడు ఆకులపై, నేలపై గడ్డకట్టే మంచును తుషారం అంటారు. మొక్కలోని నీరు గడ్డకట్టినపుడు కణాలు దెబ్బతిని మెత్తని మొక్కలు ఒక్క రాత్రిలోనే నల్లబడి చనిపోతాయి. టమాటా, మిరప, గుమ్మడి, చిక్కుడు జాతులు చలికి తట్టుకోలేవు. కేల్, లీక్, పార్స్‌నిప్, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ వంటివి తట్టుకుంటాయి. చలికి వీటిలో చక్కెరలు పెరగడం వలన తుషారం తరువాత రుచి మెరుగవుతుంది.

వసంతకాలపు చివరి తుషారానికి, శరత్కాలపు మొదటి తుషారానికి మధ్య గల కాలమే చలికి తట్టుకోలేని పంటలకు లభించే సమయం. ఈ రెండు తేదీలు ఊరిని బట్టి, నేల ఎత్తును బట్టి మారుతాయి. చల్లని గాలి బరువైనది కావడంతో పల్లపు నేలలలో తుషారం ఎక్కువ.

పగటి నిడివి

లండన్ నగరంలో జూన్ చివరి వారంలో పగలు సుమారు 16 గంటల 30 నిమిషాలు, డిసెంబరు చివరి వారంలో 8 గంటల కంటే కొద్దిగా తక్కువ ఉంటుంది. హైదరాబాదులో ఈ తేడా రెండు గంటలకు కొద్దిగా మాత్రమే ఎక్కువ. ఉల్లి గడ్డ ఊరడం పగటి నిడివిపై ఆధారపడి ఉంటుంది. భారతదేశపు మైదానాలలో పండించే రకాలకు 12 గంటల పగలు సరిపోతుంది. ఉత్తర ఐరోపా రకాలకు 14 నుండి 16 గంటలు కావాలి. ఒక ప్రాంతపు విత్తనాన్ని మరొక ప్రాంతంలో వేసినపుడు గడ్డ చిన్నదిగా ఉండిపోవడానికి, లేదా అసలు ఊరకపోవడానికి ఇదే కారణం.

ఋతువుల వారీగా పనులు

వసంతం (మార్చి - మే): నేల వెచ్చబడిన తరువాతనే విత్తాలి. బఠాణీ సుమారు 5 డిగ్రీల వద్ద మొలకెత్తగలదు. ఫ్రెంచి చిక్కుడుకు 12 డిగ్రీల వరకు కావాలి. బంగాళాదుంపలను మార్చి, ఏప్రిల్ నెలలలో నాటుతారు. టమాటా నారును ఇంటిలో కిటికీ వద్దనో, గ్రీన్‌హౌస్‌లోనో పెంచి, తుషార భయం తొలగిన తరువాత బయట నాటుతారు. అంతకు ముందు ఒకటి రెండు వారాల పాటు పగలు బయట ఉంచి, రాత్రి లోపలికి తెచ్చి నారును బయటి గాలికి అలవాటు చేస్తారు.

వేసవి (జూన్ - ఆగస్టు): నీరు పెట్టడం, కలుపు తీయడం, కోతలు ఈ కాలపు పనులు. శీతాకాలానికి కావలసిన కేల్, లీక్ నారును కూడా ఇప్పుడే తోటలో నాటాలి. వెచ్చని, తేమగల వాతావరణంలో బంగాళాదుంపకు లేట్ బ్లైట్ తెగులు సోకుతుంది. 1845లో ఐర్లండులో ఈ తెగులు పంటను నాశనం చేయగా, 1852 వరకు సాగిన కరువులో సుమారు 10 లక్షల మంది మరణించారు.

శరత్తు (సెప్టెంబరు - నవంబరు): గుమ్మడి, ఆపిల్, బంగాళాదుంపలను కోసి నిల్వచేస్తారు. రాలిన ఆకులను పోగుచేసి ఎరువుగా మారుస్తారు. వెల్లుల్లి పాయలను, ట్యూలిప్ గడ్డలను నాటుతారు. వెల్లుల్లికి కొన్ని వారాల చలి తగలనిదే గడ్డ పాయలుగా విడిపోదు.

శీతాకాలం (డిసెంబరు - ఫిబ్రవరి): ఆకులు రాల్చి నిద్రావస్థలో ఉన్న ఆపిల్, పియర్ చెట్ల కొమ్మలను కత్తిరిస్తారు. ప్లమ్, చెర్రీ చెట్లను మాత్రం సిల్వర్ లీఫ్ అనే వ్యాధి సోకకుండా వేసవిలో కత్తిరిస్తారు.

ఆకలి కాలం

ఇంగ్లండులో తోటకు అత్యంత కష్టమైనది శీతాకాలం కాదు, ఏప్రిల్, మే నెలలు. అప్పటికి నిల్వచేసిన దుంపలు అయిపోతాయి, కేల్ వంటివి పూతకు వస్తాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. చుట్టూ చెట్లు చిగురించి పూలు పూస్తున్నా తోటలో తినదగినది తక్కువగా ఉండే ఈ వ్యవధిని ఆకలి కాలం అని వ్యవహరిస్తారు. దీనిని దాటించే పంటలలో ఊదారంగు బ్రోకలీ ముఖ్యమైనది. ఒక వసంతంలో విత్తిన ఈ మొక్క మరుసటి వసంతంలో కోతకు వస్తుంది. దాదాపు ఏడాది పాటు నేలను ఆక్రమించినా దీనిని వదులుకోకపోవడానికి కారణం ఇదే.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్ తన ఆహారంలో అధిక భాగాన్ని దిగుమతి చేసుకునేది. యుద్ధంలో నౌకా రవాణా ప్రమాదంలో పడటంతో 1939లో ప్రభుత్వం "విజయం కోసం తవ్వండి" అనే ప్రచారాన్ని ప్రారంభించింది. పచ్చిక బయళ్ళు, ఉద్యానవనాలు కూరగాయల మళ్ళుగా మారాయి. పట్టణవాసులు అద్దెకు తీసుకునే తోట స్థలం సంప్రదాయ కొలత 10 రాడ్లు, అనగా సుమారు 300 చదరపు గజాలు. ఇంత స్థలంలో ఏడాది పొడవునా కూరగాయలు లభించేలా పంటల ప్రణాళికలను ప్రభుత్వం కరపత్రాల ద్వారా పంచింది. 1940లో మొదలైన ఆహార రేషను 1954 వరకు కొనసాగింది.

వాతావరణ మార్పు

భూతాపం వలన వసంతం ముందుగా వస్తున్నది. అయినా తుషార భయం తొలగలేదు. ముందుగా చిగురించిన మొక్కలు ఆలస్యంగా వచ్చే తుషారానికి చిక్కుతాయి. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో ద్రాక్ష తోటలు, పండ్ల తోటలు ఈ విధంగానే తీవ్రంగా నష్టపోయాయి.

ప్రవాస తెలుగువారి తోటలు

బ్రిటన్, ఉత్తర అమెరికాలలో స్థిరపడిన తెలుగువారు గోంగూర, బెండ, సొర, బీర వంటి వాటిని పెరటిలో పెంచుతుంటారు. ఇవి చలికి తట్టుకోలేవు కావున నారును ఇంటిలో పెంచి నాటవలసి ఉంటుంది. గోంగూర ఆకు వేసవిలో బాగా వస్తుంది. అయితే పగలు తగ్గినపుడు పూసే మొక్క కావడంతో విత్తనం ముదరక ముందే తుషారం తగిలే అవకాశం ఉంది. కరివేపాకు మొక్కను కుండీలో పెంచి శీతాకాలంలో ఇంటి లోపల ఉంచుతారు.

ఇవి కూడా చూడండి

ఋతువు
కార్తె
కంపోస్టు